ఇథియోపియా మ్యాప్‌ని నిలువుగా చదవాలి

నలభై దాటిన వాళ్ళకి ఇథియోపియా అనగానే ఎముకలు తేలిన పిల్లల ఫొటోలే గుర్తుకొస్తాయి. సన్నగా ఉన్న పిల్లాణ్ణి సోమాలియా అనో ఇథియోపియా అనో ఏడిపించిన తరం అది. ఇప్పటి వాళ్ళకి పెద్దగా ఏమీ గుర్తురాదు, మహా అయితే కాఫీ, లేదా ముంబయి, ఢిల్లీ నుంచి ఆఫ్రికా మీదుగా వెళ్ళే ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ విమానాలు. ఎవరినడిగినా ఒక ఎడారి, భరించలేని ఎండ, తిండి లేని జనం అని చెప్పేస్తారు.

కానీ జులైలో అడిస్ అబాబాలో దిగితే స్వెటర్ కావాలి. దాదాపు రోజూ వాన పడుతుంది, సాయంత్రానికి జనం గాబి అనే దళసరి నూలు దుప్పటి కప్పుకుని తిరుగుతారు. ఏడాదికి 1,200 మిల్లీమీటర్ల దాకా వాన పడే ఊరు అది, మన హైదరాబాద్ కన్నా చాలా ఎక్కువ. దేశం వైశాల్యం సుమారు 11 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే భారతదేశంలో మూడో వంతు. జనాభాలో నైజీరియా తర్వాత ఆఫ్రికాలో రెండోది, సముద్రతీరం లేని దేశాల్లో ప్రపంచంలోనే అతి పెద్దది.

మరి ఆ కరువు ఫొటోలు అబద్ధమా అంటే, అవీ నిజమే. రెండూ ఒకే దేశంలో ఎలా కుదిరాయో తెలియాలంటే మ్యాప్‌లో ఉత్తరం, దక్షిణం చూస్తే చాలదు, సముద్రమట్టం నుంచి ఎంత ఎత్తులో ఉన్నామో చూడాలి. అక్కడ వాన, పంట, జబ్బు, జనం, ఆఖరికి రాజకీయం కూడా చాలావరకు ఎత్తుని బట్టే నడుస్తాయి.

సుమారు 3 కోట్ల ఏళ్ళ క్రితం భూమి లోపలి నుంచి లావా పొరలు పొరలుగా పైకొచ్చి గడ్డకట్టి, నేల మొత్తం ఉబ్బినట్టు పైకి లేచింది. ఇథియోపియా పీఠభూమి అలా తయారైంది. అక్కడి నల్లరేగడి కూడా ఆ రాయి అరిగి వచ్చిందే. తర్వాత ఈ గడ్డ మధ్యలో పగిలింది, అదే రిఫ్ట్ వ్యాలీ. ఈశాన్యం నుంచి నైరుతి వరకు దేశాన్ని రెండు ముక్కలు చేస్తూ పోతుంది. ఈశాన్య మూలన అఫార్ ప్రాంతంలో మూడు భూఫలకాలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోతున్నాయి. 2005లో అక్కడ కొద్ది రోజుల్లోనే దాదాపు 60 కిలోమీటర్ల పొడవున నేల చీలింది. 2025 నవంబర్‌లో హైలీ గుబ్బి అనే అగ్నిపర్వతం పేలితే ఆ బూడిద మేఘం ఎర్రసముద్రం, యెమెన్, ఒమన్ దాటి గుజరాత్, రాజస్థాన్, ఢిల్లీ మీదికి వచ్చింది, మన దగ్గర విమానాలు రద్దయ్యాయి. ఆ పేరు వార్తల్లో విన్నా అది ఇథియోపియాలో ఉందని పట్టించుకున్న వాళ్ళు తక్కువే.

ఉత్తరాన సిమియెన్ కొండల్లో రాస్ దషెన్ శిఖరం 4,500 మీటర్లు దాటుతుంది. అక్కణ్ణుంచి తూర్పుకి, మ్యాప్ మీద పెద్ద దూరమేమీ కాదు, దనకిల్ పల్లంలో దల్లోల్ అనే చోటు సముద్రమట్టానికి 100 మీటర్లకు పైగా దిగువన ఉంది. 1960 నుంచి 1966 దాకా అక్కడ తీసిన లెక్కల్లో ఏడాది సగటు ఉష్ణోగ్రత 34 డిగ్రీలు దాటింది. పగటి ఎండ సంగతి కాదు నేను చెప్పేది, రాత్రీ పగలూ, చలికాలం ఎండాకాలం అన్నీ కలిపిన సగటు! మనుషులుండే ఏ చోటా ఇంత సగటు నమోదైనట్టు లేదు. ఆ వేడిలోనే అఫార్ జనం ఉప్పు పలకలు కోసి ఒంటెల మీద పైకి మోయిస్తారు. ఆ ఉప్పు పలకలు ఇరవయ్యో శతాబ్దం దాకా పీఠభూమి సంతల్లో డబ్బుగా చెల్లాయి.

అక్కడి రైతులకి ఈ ఎత్తుల లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు, వాళ్ళ దగ్గర ఎప్పటినుంచో పేర్లున్నాయి. దిగువన వేడిగా ఉండేది కొల్లా, సుమారు 1,500 మీటర్ల నుంచి 2,400 దాకా వొయినా దెగా, ఆ పైన చలి ఉండేది దెగా, ఇంకా పైన మంచు పేరుకునే వుర్చ్. అడిస్ నుంచి బహిర్‌దార్ వెళ్ళే రోడ్డులో ఇదంతా ఒక్క పూటలో కనిపిస్తుంది. గోహా సియోన్ దగ్గర, 2,500 మీటర్ల ఎత్తున, టెఫ్ అనే చిరుధాన్యం, గోధుమ చేలు, జనం ఒంటి నిండా బట్టలు. అక్కణ్ణుంచి రోడ్డు మెలికలు తిరుగుతూ నీలి నైలు లోయలోకి దాదాపు 1,400 మీటర్లు దిగుతుంది. దిగేకొద్దీ చలి పోయి ఉక్క మొదలవుతుంది, చేలు జొన్నకి మారతాయి, ఇళ్ళు పలచబడతాయి. వంతెన దాటి అవతల మళ్ళీ అంత ఎత్తూ ఎక్కితే మళ్ళీ టెఫ్, మళ్ళీ చలి. మ్యాప్‌లో చూస్తే మాత్రం లోయకి అటూ ఇటూ ఉన్న ఊళ్ళు పక్కపక్కనే.

అడిస్ 2,300 మీటర్ల పైన ఉంది కాబట్టి నీళ్ళు అక్కడ 92 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, మామూలు గిన్నెలో పప్పు ఎంతకీ ఉడకదు. 2000 తర్వాత అక్కడ వరసగా కొత్త యూనివర్సిటీలు పెట్టినప్పుడు మన రెండు రాష్ట్రాల నుంచి లెక్చరర్లు చాలామంది వెళ్ళారు, అటునుంచి విశాఖకి ఆంధ్రా యూనివర్సిటీలో పీహెచ్‌డీ కోసం వాళ్ళు వస్తూనే ఉన్నారు. అలా వెళ్ళే వాళ్ళ సామాన్లో ప్రెషర్ కుక్కర్ ఎందుకు తప్పనిసరో ఫిజిక్స్ చదివిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇంకో చుట్టరికం కూడా ఉంది. అరకు లోయలో చలికాలం మొదట్లో జనం ఫొటోలు దిగడానికి ఎగబడే పసుపు పూల వలిసె చేలున్నాయి చూడండి, ఆ వలిసెల పుట్టిల్లు ఇథియోపియానే. శాస్త్రీయ నామంలో అబిసీనికా అని ఆ దేశం పాత పేరే ఉంది. అక్కడ ఇప్పటికీ వంటనూనెకి పండిస్తారు.

ఇక వాన. చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే, ఎందుకంటే ఇథియోపియా వాతావరణం అని ఒకటి లేదు. ఉత్తర, మధ్య పీఠభూమికి అసలు వానాకాలం జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, దాన్ని కిరెంత్ అంటారు. సూర్యుడితో పాటు భూమధ్యరేఖ దగ్గరి వానల పట్టీ ఉత్తరానికి జరుగుతుంది, అట్లాంటిక్, కాంగో అడవుల వైపు నుంచీ, హిందూ మహాసముద్రం నుంచీ వచ్చే తేమ గాలి కొండ ఎక్కుతూ చల్లబడి అక్కడే కురిసిపోతుంది. ఏడాది తిండిగింజల్లో చాలా భాగం ఈ వాన మీదే. దానికి ముందు ఫిబ్రవరి నుంచి మే దాకా కొన్ని చోట్ల బెల్గ్ అని చిన్న వాన పడుతుంది, అది పడితే రెండో పంట, లేకపోతే లేదు. అక్టోబర్ నుంచి జనవరి దాకా పొడి.

ఆగ్నేయంలో, అంటే సోమాలీ రాష్ట్రం, బొరానా వైపు, లెక్క పూర్తిగా వేరు. వాళ్ళకి మార్చి నుంచి మే దాకా ఒక వాన, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇంకొకటి. పీఠభూమి తడిసి ముద్దయ్యే జులైలో వాళ్ళకి చుక్క ఉండదు. కారణం మన నైరుతి రుతుపవనాలే! దక్షిణార్ధగోళం నుంచి వచ్చే ఆ గాలి కెన్యా దగ్గర భూమధ్యరేఖ దాటి, తూర్పు ఆఫ్రికా ఎత్తు ప్రాంతాలు అడ్డం తగిలి, సోమాలియా తీరం వెంబడి మలుపు తిరిగి అరేబియా సముద్రం మీదుగా కేరళకి వస్తుంది. తీరానికి సమాంతరంగా దూసుకుపోయే గాలి అది, అక్కడ ఆగదు, కురవదు. మన ఖరీఫ్‌కి వాన మోసుకొచ్చే గాలి వాళ్ళ పక్కనుంచే వెళ్ళిపోతుందన్నమాట.

ఈ రెండు ముక్కలకీ కరువు కూడా ఒకేసారి రాదు. ఎల్‌నినో, అంటే పసిఫిక్ సముద్రం మామూలు కన్నా వేడెక్కడం, వస్తే మనకి రుతుపవనాలు దెబ్బతిన్నట్టే వాళ్ళ కిరెంత్ కూడా దెబ్బతింటుంది. 2015 గుర్తుందా, మనకీ లోటు వాన, అక్కడ ఉత్తర, మధ్య ప్రాంతాల్లో దశాబ్దాల్లో ఎరగనంత కరువు. కానీ అదే ఎల్‌నినో సంవత్సరంలో అక్టోబర్ తర్వాత ఆగ్నేయంలో మామూలు కన్నా ఎక్కువ వాన పడి వరదలు వచ్చే అవకాశం ఉంటుంది. దానికి వ్యతిరేకమైన లానినా వస్తే కథ తిరగబడుతుంది. 2020 చివరి నుంచి 2022 చివరి దాకా ఆగ్నేయంలో వరసగా ఐదు వానాకాలాలు పోయాయి, పశువులు లక్షల్లో చచ్చాయి, అదే సమయంలో పీఠభూమి మీద వానకి అంత ఇబ్బంది లేదు. కాబట్టి ‘ఇథియోపియాలో కరువు’ అని హెడ్డింగ్ కనిపిస్తే ఏ ఇథియోపియా, ఏ వాన అని అడగాలి. మన పేపర్లు అడగవు, వాళ్ళకి ఒక బీటలు వారిన నేల ఫొటో దొరికితే చాలు.

పోనీ వాన లేకపోతే జనం చచ్చిపోతారా అంటే, అదీ నేరుగా జరగదు. 1973లో ఈశాన్యాన వొల్లోలో కరువొచ్చినప్పుడు దేశం మొత్తం మీద తిండి అంతగా తగ్గలేదు, వొల్లో జనం దగ్గర కొనే శక్తి పోయింది, ఆ ప్రాంతం నుంచి ధాన్యం బయటికి కూడా వెళ్ళిందని అమర్త్య సేన్ చూపించాడు. కరువుని దాచిపెట్టిన హైలే సెలాసీ చక్రవర్తి మరుసటి ఏడాదే గద్దె దిగాల్సి వచ్చింది. 1984 ఇంకా ఘోరం. ఉత్తరాన తిగ్రాయ్, వొల్లోలలో వానలు లేవు, పైగా అక్కడే తిరుగుబాటుదారులతో యుద్ధం. చక్రవర్తిని దించి వచ్చిన సైనిక ప్రభుత్వం మాత్రం సెప్టెంబర్‌లో తమ విప్లవం పదేళ్ళ పండగకి రాజధానిని అలంకరించుకుంటూ కూర్చుంది. అక్టోబర్‌లో కొరెమ్ శిబిరం దృశ్యాలు బీబీసీలో వచ్చాకే ప్రపంచం కదిలింది. నా తరం బుర్రల్లో ముద్ర పడింది ఆ బొమ్మలే.

2015 కరువులో కోటి మందికి పైగా తిండి సాయం అవసరమైంది, అయినా 1984 లాంటి శవాల గుట్టలు లేవు. రోడ్లు మెరుగుపడ్డాయి, దేశంలో యుద్ధం లేదు, మన ఉపాధి హామీ చట్టం వచ్చిన 2005లోనే వాళ్ళూ పనికి ధాన్యం, డబ్బు ఇచ్చే పథకం మొదలుపెట్టారు, చెరువు కట్టలు, గట్లు వేయించి కూలి ఇస్తారు. ఇదంతా బాగుందనుకునే లోపే 2020 నవంబర్‌లో తిగ్రాయ్‌లో యుద్ధం మొదలై రెండేళ్ళు నడిచింది, సాయం అందనీయకుండా దారులు మూసేశారు, మళ్ళీ ఆకలి చావులు. ఆ రెండేళ్ళూ అక్కడ ఆకలికి వానని తప్పుపట్టడం కుదరదు.

ఇప్పుడు జనం దగ్గరికి వద్దాం. దేశంలో సగం కన్నా తక్కువ నేల ఎత్తు ప్రాంతం, కానీ ప్రతి ఐదుగురిలో నలుగురు ఉండేది అక్కడే. కింద అంత ఖాళీ ఉంటే పైన ఎందుకు ఇరుక్కుంటున్నారు? చల్లగా ఉంటుందని మాత్రం కాదు. సుమారు 2,000 మీటర్ల పైన మలేరియా పెద్దగా ఉండదు, దిగువన అది మనుషుల్ని చంపేది. పశ్చిమ, నైరుతి లోయల్లో సెట్సీ ఈగ ఉంటుంది, అది కుడితే ఎద్దులు రోగమొచ్చి చస్తాయి. ఇథియోపియా పీఠభూమి రైతు వేల ఏళ్ళుగా ఎద్దులతో నాగలి దున్నినవాడు, ఆఫ్రికాలో సహారాకి దిగువన అలా దున్నిన వాళ్ళు చాలా అరుదు. ఎద్దు బతకని చోటికి అతను దిగలేదు. ఆ దిగువ నేల కూడా నిజానికి ఖాళీ కాదు, పశువుల్ని తోలుకుని వానని బట్టి తిరిగే అఫార్, సోమాలీ, బొరానా జనాల మేత భూమి అది. ఒక చోట ఇళ్ళు కట్టుకుని ఉండరు కాబట్టి పైనుంచి చూసేవాడికి ఎవరూ లేనట్టు కనిపిస్తుంది.

ఈ ‘ఖాళీ నేల’ భ్రమ చాలా ఖరీదైనది. 1984-85లో సైనిక ప్రభుత్వం కరువు ప్రాంతాల నుంచి సుమారు 6 లక్షల మందిని నైరుతి పల్లపు ప్రాంతాలకి తరలించింది, చాలామందిని బలవంతంగానే. కొండ మీద పుట్టి పెరిగిన వాళ్ళు అక్కడి మలేరియాకి పిట్టల్లా రాలిపోయారు. తర్వాత పాతికేళ్ళకి మనవాళ్ళ వంతు వచ్చింది. గులాబీల వ్యాపారంలో పేరున్న బెంగళూరు కంపెనీ కరుటూరి గ్లోబల్ 2010లో పడమటి పల్లాల్లోని గంబెల్లాలో లక్ష హెక్టార్లు లీజుకి తీసుకుంది, ఇంకా రెండు లక్షలు కూడా ఇస్తామన్నారు. శాటిలైట్ ఫొటోలో అది ఆకుపచ్చగా, చదునుగా, నది పక్కన, ఎవరూ లేనట్టు ఉంటుంది, వ్యవసాయానికి అంతకన్నా ఏం కావాలి? కానీ అది బారో నది వరద మైదానం. పీఠభూమి పడమటి అంచున కురిసిన కిరెంత్ వాన అటే దిగుతుంది. 2011లో వరద కరకట్టల్ని దాటి మొక్కజొన్న మొత్తం ముంచేసింది. చివరికి 2015లో ప్రభుత్వమే లీజు రద్దు చేసింది. అంతకు ముందు అక్కడ తిరిగే అనువాక్, నువేర్ జనాన్ని అడిగి ఉంటే వరద ఎక్కడిదాకా వస్తుందో చెప్పేవాళ్ళే.

అసలు జనాభా ఎంత? ఐక్యరాజ్యసమితి అంచనా 2024కి 13 కోట్ల పైనే. ఇథియోపియా సొంత గణాంక సంస్థ అంచనాలు అంతకన్నా దాదాపు రెండు కోట్లు తక్కువ. రెండు కోట్ల తేడా ఏమిటండీ అనిపిస్తుంది, కానీ చివరిసారి తలలు లెక్కపెట్టింది 2007లో, అప్పుడు 7.37 కోట్లు. 2017లో జరగాల్సిన లెక్క వాయిదాల మీద వాయిదాలు పడుతూనే ఉంది. 2021 జనగణనని వాయిదా వేసుకున్న దేశం వాళ్ళం కాబట్టి మనం ఎక్కువ మాట్లాడకూడదనుకోండి. అక్కడ మాత్రం అది గొడవలకి భయపడి కూడా. 1995 రాజ్యాంగం రాష్ట్రాల్ని జాతుల వారీగా విడదీసింది, బడ్జెట్ వాటాలు, సీట్లు తలల లెక్క మీద ఆధారపడతాయి. 2007 లెక్కలో ఒరోమోలు 34 శాతం, అమ్హారాలు 27 శాతం, సోమాలీలు, తిగ్రాయన్లు ఆరేసి శాతం, మిగతా ఎనభైకి పైగా భాషల వాళ్ళు. అమ్హారాల సంఖ్య అనుకున్న దానికన్నా తక్కువ వచ్చిందని అప్పుడే పెద్ద రచ్చ అయింది. మళ్ళీ లెక్కపెడితే ఎవరి శాతం ఎంత తగ్గుతుందో అన్న టెన్షన్ అందరికీ ఉంది.

జనం పెరగడంలో కూడా రెండు మూడు దేశాలు కనిపిస్తాయి. 2016 సర్వేలో దేశం మొత్తానికి ఒక్కో స్త్రీకి సగటున 4.6 మంది పిల్లలు, అదే అడిస్ అబాబాలో 1.8, సోమాలీ రాష్ట్రంలో 7.2. ఒకే పాస్‌పోర్ట్‌తో ఇంత తేడా! 2000లో పెళ్ళైన ఆడవాళ్ళలో గర్భనిరోధకాలు వాడేవాళ్ళు 8 శాతం ఉంటే 2016కి 36 శాతమయ్యారు, పల్లెపల్లెకీ జీతమిచ్చి పెట్టిన వేలాది ఆరోగ్య కార్యకర్తల పుణ్యమే చాలావరకు. దాదాపు అంతా ఆడవాళ్ళే, మన ఆశా వర్కర్ల పనే, కానీ నెల జీతంతో. ఒక్కొక్కరికి పుట్టే పిల్లల సంఖ్య తగ్గుతున్నా దేశంలో సగం మంది ఇరవై లోపు వాళ్ళే కాబట్టి జనాభా ఇంకా కొన్ని దశాబ్దాలు పెరగక తప్పదు.

ఆ పెరిగేది ఎక్కడ ఇరుకుతోందంటే దక్షిణాన వొలాయిటా, గెడెయో లాంటి చోట్ల. అక్కడ చదరపు కిలోమీటరుకి 500 మంది దాటిన ప్రాంతాలున్నాయి, అదీ పల్లెల్లో. ఎలా బతుకుతున్నారంటే, ఎన్సెట్ వల్ల. చూడటానికి అచ్చం అరటి చెట్టే, కాయ మాత్రం తినరు. నాలుగైదేళ్ళు పెంచి, చెట్టుని పెళ్ళగించి, కాండంలోని గుజ్జు గీకి, దుంప తురిమి, గుంటలో పాతిపెట్టి నెలల తరబడి పులియనిచ్చి రొట్టె చేసుకుంటారు. ఇంటి వెనక కొద్ది చెట్లున్నా కుటుంబానికి తిండి, వాన ఒక ఏడాది పోయినా చెట్టు నిలబడే ఉంటుంది. రెండు కోట్ల మంది దాకా దాని మీద ఆధారపడ్డారు. 1984లో ఉత్తరం మాడిపోయినప్పుడు ఎన్సెట్ ప్రాంతం చాలావరకు తట్టుకుంది. కానీ దానికీ ఒక హద్దుంది. 1975 నుంచి భూమి అంతా ప్రభుత్వానిది, రైతుకి సాగు హక్కే, అమ్ముకోలేడు. తండ్రికి ఉన్న ఒక హెక్టారో అరో నలుగురు కొడుకులు పంచుకుంటే మిగిలేది పెరడే. అందుకే కుర్రాళ్ళు అడిస్‌కి, ఆడపిల్లలు సౌదీకీ లెబనాన్‌కీ ఇళ్ళల్లో పనికి. మన గోదావరి, కడప జిల్లాల నుంచి కువైట్ వెళ్ళే ఆడవాళ్ళు చేసే పనే అది, కష్టాలూ అవే.

ఇంతమందికి కరెంటు, పరిశ్రమలు కావాలంటే వాళ్ళకున్న పెద్ద ఆస్తి పీఠభూమి నుంచి జారే నీళ్ళు. అస్వాన్ దగ్గరికి చేరే నైలు నీటిలో సుమారు 85 శాతం ఇథియోపియా కొండల నుంచే వెళ్తుంది. 2011లో నీలి నైలు మీద మొదలుపెట్టిన పెద్ద డ్యామ్‌ని 2025 సెప్టెంబర్‌లో ప్రారంభించారు. 5,150 మెగావాట్లు, నీటి నిల్వ 7,400 కోట్ల ఘనపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 2,600 టీఎంసీలు, అంటే నాగార్జున సాగర్ లాంటివి ఎనిమిది. పశ్చిమ దేశాలు, బ్యాంకులు అప్పివ్వకపోతే ఉద్యోగుల జీతాల్లోంచి, జనం కొన్న బాండ్లలోంచి డబ్బు తీశారు. ఈజిప్ట్ అభ్యంతరం ఇంకా అలాగే ఉంది. ఎగువ రాష్ట్రం, దిగువ రాష్ట్రం గొడవలు చూసిన మనకి అందులో ఎవరి వాదన ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈజిప్ట్ సంగతి అందరూ మాట్లాడతారు గానీ, ఆ డ్యామ్ ఎన్నాళ్ళు పనిచేస్తుందన్నది ఎగువన ఉన్న టెఫ్ చేల మీద కూడా ఆధారపడింది. జనం పెరిగేకొద్దీ నిటారుగా ఉన్న వాలుల్ని కూడా దున్నేశారు, అడవి చాలాచోట్ల చర్చిల చుట్టూ మాత్రమే గుండ్రంగా మిగిలింది, కిరెంత్ మొదటి వానలకి మట్టి అంతా నదిలోకే. నీలి నైలు జూలై, ఆగస్టుల్లో నీలంగా ఉండదు, ఎర్రమట్టి రంగులో పారుతుంది. దిగువన సుడాన్‌లో రోసైరెస్ జలాశయంలో కొంత భాగం ఆ ఒండ్రుతోనే పూడిపోయింది. ఇకమీదట ఆ మట్టి ముందు ఇథియోపియా డ్యామ్‌లోనే ఆగుతుంది. అందుకే అమ్హారా, తిగ్రాయ్ పల్లెల్లో కోతలు అయిపోయిన పొడికాలంలో ఊరు ఊరంతా కొండ వాలుకి చేరి కొన్ని వారాలు కూలి లేకుండా రాతి గట్లు వేస్తారు. ఇష్టంగా చేసేవాళ్ళూ ఉన్నారు, ప్రభుత్వ ఒత్తిడికి చేసేవాళ్ళూ ఉన్నారు. యుద్ధం జరిగిన ఏళ్ళలో చాలా చోట్ల ఆ పని ఆగిపోయింది.